పండ్ల మండి తరలింపు: నగర రాజకీయం నుంచి విదేశీ బేరం దాకా

పొద్దున్నే దుకాణం తెరవగానే వర్తకుడు చూసే కాగితాలు కొన్ని ఉన్నాయి. ధరవరల పట్టిక, రూపాయి మారకపు రేటు, ఎగుమతి సుంకాల ప్రకటన, వాన కబురు. ఆ వరసలో మునిసిపాలిటీ తీర్మానానికి చోటు లేదు. అది మురుగు కాలవలు, వీధి దీపాల వ్యవహారమని పక్కన పెడతారు. పండు, కూరగాయ, చేప, మాంసం వంటి నిలవ ఉండని సరుకుల్లో మాత్రం, దూరదేశాల బేరాన్ని సైతం చాలాసార్లు నిర్ణయించేది ఆ పక్కన పెట్టిన కాగితమే. హైదరాబాదు పండ్ల మండి నడిచిన దారి ఇందుకు చేతికందిన పాఠం.

ఈ దారిని బడంగ్‌పేట నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. రంగారెడ్డి జిల్లాలో, నగరం దక్షిణపు అంచున ఉన్న ఊరు ఇది. బాలాపూర్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, మామిడిపల్లి వంటి గ్రామాలు కలిసిన ఈ పట్టణం 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయింది. 2025 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది. (మామిడిపల్లి పేరులో మామిడి ఉంది గాని, అక్కడ ఇప్పుడు బేరమంతా గజాల్లోనే.) ఇక్కడి తోపుడుబండ్ల వారికి, చిన్న పండ్ల దుకాణాలకు చాలాకాలం సరుకు గడ్డిఅన్నారం నుంచి వచ్చేది. కొత్తపేట దగ్గర ఉన్న ఆ మండి పది కిలోమీటర్ల లోపు. ఇప్పుడు బాటసింగారం పోవాలి. అది దాదాపు ఇరవై అయిదు కిలోమీటర్లు.

ఎనభై ఏళ్ళ ప్రయాణం

నిజాం కాలంలో, 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్టు, ఆ పక్కనే జాంబాగు, హైదరాబాదు పండ్ల వర్తకానికి పాత చిరునామాలు. నగరం పెరిగింది, లారీలు పెరిగాయి, వీధులు పెరగలేదు. 1986లో టోకు పండ్ల వ్యాపారాన్ని గడ్డిఅన్నారానికి తరలించారు. అప్పటికి అది నగరపు శివారు. ఇరవై రెండు ఎకరాల యార్డు చాలుననుకున్నారు. పాతికేళ్ళు తిరక్కుండానే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ దానిని నాలుగు వైపులా చుట్టేశాయి. ఏప్రిల్ నుంచి జూను దాకా మామిడి సీజనులో లారీలు బారులు తీరేవి. వర్తకులకు అది సందడి, చుట్టుపక్కల కాలనీలకు అది చెత్త, దుర్గంధం, ట్రాఫిక్ చిక్కు. ఓటరు ఎవరో, బయటినుంచి వచ్చే రైతు ఎవరో గుర్తుంచుకుంటే తర్వాతి కథ అర్థమవుతుంది. కాలనీవాసికి ఆ నియోజకవర్గంలో ఓటు ఉంది. కొల్లాపూర్ రైతుకు, నూజివీడు తోట గుత్తదారుకు అక్కడ ఓటు లేదు.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు జనసమ్మర్దం తగ్గించడానికని మామిడి బేరాన్ని తాత్కాలికంగా కోహెడకు మార్చారు. మే 4న గాలివానకు అక్కడ వేసిన షెడ్లు కూలి పలువురు గాయపడ్డారు. ఆ ఏడు ఏర్పాటు అలా ముగిసింది. కోహెడలో శాశ్వత మార్కెట్టుకు ప్రభుత్వం మొదట అనుకున్న స్థలం 178 ఎకరాలు. అది తయారయ్యే లోపల, 2021 సెప్టెంబరు చివర గడ్డిఅన్నారం యార్డును మూసి, విజయవాడ రహదారి మీద బాటసింగారం లాజిస్టిక్స్ పార్కులో తాత్కాలిక మండి తెరిచారు. కమీషను ఏజెంట్లు హైకోర్టుకు వెళ్ళారు. ఖాళీ చేయించడం, కూల్చివేతల మీద వివాదం 2022 మార్చి దాకా నడిచింది. అదే ఏడాది ఏప్రిల్ 26న ఆ స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కరోనా రెండో దెబ్బ తిన్న నగరంలో ఆసుపత్రి వద్దనగల నాయకుడు ఏ పార్టీలోనూ ఉండడు. మండి వర్తకుల వాదన చట్టంలో ఎంత బలమైనదైనా, వీధిలో అది ఓడిపోయిన రోజు అదే.

విచిత్రమేమంటే మండి తరలిపోయినా కమిటీ పేరు గడ్డిఅన్నారం వ్యవసాయ మార్కెట్టు కమిటీగానే మిగిలింది.

కిరాయి ఎవరి నెత్తిన?

తరలింపు వల్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని మండిలో అడిగితే ఇద్దరు రెండు జవాబులు చెబుతారు. ఇద్దరిదీ నిజమే. లెక్క వేసి చూడవచ్చు. ఇవి ఉదాహరణకు అనుకున్న అంకెలు.

పది టన్నుల మామిడి లారీ ఒకటి నూజివీడు వైపునుంచి వచ్చిందనుకుందాం. కిలో నలభై రూపాయల చొప్పున సరుకు విలువ నాలుగు లక్షలు. ఒక శాతం మార్కెట్టు రుసుము నాలుగు వేలు. బాటసింగారం నగరానికి బయటే ఉంది గనుక ఈ లారీ నగర ప్రవేశం కోసం రాత్రిదాకా కాచుకోనక్కరలేదు. డీజిలు, ఆగిన గంటలు కలిసి పదిహేను వందలు మిగిలాయనుకుందాం. ఇది లాభం.

ఇక అవతలి వైపు. ఆ పది టన్నులను కొనేది ఒక్కరు కాదు. ఆటో ట్రాలీలో తలా రెండు వందల కిలోలు వేసుకునే చిల్లర వ్యాపారులు యాభై మంది. రాకపోకలకు ఒక్కొక్కరికి అదనంగా అయిదు వందల కిరాయి పడితే మొత్తం పాతిక వేలు. అంటే లారీకి మిగిలిన దానికి పదహారు రెట్లకు పైగా, మార్కెట్టు రుసుముకు ఆరు రెట్లకు పైగా. కిలోకు రెండున్నర రూపాయలు. ఈ పాతిక వేలు ఏ రసీదులోనూ కనపడవు. బడ్జెటులో కనపడవు. శాసనసభలో ఎవరూ అడగరు.

అది ఎవరు భరిస్తారన్నది అసలు ప్రశ్న. బడంగ్‌పేట బండి వ్యాపారి కిలోకు రెండున్నర పెంచి అమ్మగలిగితే కొనేవారి మీద పడుతుంది. పక్క బండి, సూపర్ బజారు పోటీ ఉండి పెంచలేకపోతే, మర్నాడు వేలంలో అతడు పాడే పాట ఆ మేరకు తగ్గుతుంది. మే నెలలో కోసిన కాయ ఆగదు. ఆగని సరుకు గలవాడు బేరంలో బలహీనుడు. కనుక సీజను ముదిరి, రాక ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ కిరాయిలో పెద్ద వాటా రైతుకే చుట్టుకుంటుంది. రాక తక్కువగా ఉన్న మార్చి చివరి రోజుల్లో కొనేవారి మీదికి జరుగుతుంది. ఒకే తరలింపు, ఒకే కిరాయి, నెలను బట్టి భరించేవాడు మారతాడు.

దీనికి ఎగుమతితో సంబంధమేమిటని అనుమానం రావచ్చు. ఎగుమతి కాయ మండికి రాదు, తోటలోనే ఏరుకుంటారు గదా అంటారు. నిజమే. అయితే తోటలో కుదిరే బేరం మండి ధరను పట్టుకునే కుదురుతుంది. నిన్న వేలంలో బేనీషాన్ ఎంత పలికిందన్నదే అక్కడ కొలబద్ద. మండిలో కొనేవారు పలచబడితే ఆ కొలబద్దే సన్నబడుతుంది. పదిమంది పాడిన ధర మీద రైతుకు, ఎగుమతిదారుకు ఇద్దరికీ నమ్మకం ఉంటుంది. ముగ్గురు పాడిన ధర మీద ఎవరికీ ఉండదు. అప్పుడు జగిత్యాల రైతు చూసేది హైదరాబాదు ధర కాదు, ఢిల్లీ ఆజాద్‌పూర్ ధర, లేదా నాగపూర్ ధర.

టోక్యో, పారిస్, లండన్

సాస్కియా సాసెన్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1991లో న్యూయార్కు, లండన్, టోక్యోల మీద రాసిన గ్రంథంతో ‘విశ్వనగరం’ అన్న మాటకు పాండిత్య గౌరవం వచ్చింది. హైదరాబాదును అలాంటిది చేస్తామని మన నాయకులూ చెబుతూ వచ్చారు. బ్యాంకులు, కంపెనీల ముఖ్య కార్యాలయాలు, కంప్యూటరు సంస్థలు అందులో లెక్కకు వస్తాయి. ఆ నగరాలు తినే తిండి ఎక్కడ దిగుతుందన్నది లెక్కకు రాదు. కాని ఆ నగరాల్లోనే ఆ విషయం మీద ఎన్నికలు జరిగాయి.

టోక్యోలో త్సుకిజి చేపల మార్కెట్టు, మన మొజంజాహి మార్కెట్టు ఒకే ఏడు, 1935లో తెరిచినవే. స్పెయిన్, మాల్టా, ఆస్ట్రేలియా రేవుల్లో ట్యూనా చేప ధర త్సుకిజి వేలాన్ని చూసుకుని నడిచేది. దానిని టొయోసుకు తరలించాలని నగర ప్రభుత్వం నిర్ణయించి, 2016 నవంబరు ముహూర్తం పెట్టింది. ఆ వేసవిలో గవర్నరు ఎన్నికలో యురికో కోయికే గెలిచారు. టొయోసు స్థలం పూర్వం గ్యాసు తయారీ కేంద్రం. నేలలో బెంజీను వంటి విషపదార్థాలు ఉన్నాయన్న ఆందోళన బలంగా ఉంది. ఆమె ఆగస్టు చివర తరలింపును వాయిదా వేశారు. భవనాల కింద పోయవలసిన శుభ్రమైన మట్టి పొర పోయనేలేదని ఆ తర్వాత బయటపడింది. తరలింపు 2018 అక్టోబరులో గాని జరగలేదు. ఈలోగా కొత్త చోట శీతల యంత్రాలు కొనిపెట్టుకున్న వర్తకులు రెండు వైపులా ఖర్చు భరించారు, నగరం పరిహారం చెల్లించవలసి వచ్చింది. జపాను వాణిజ్య మంత్రిత్వ శాఖ గాని, విదేశాల ఎగుమతిదారులు గాని చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది నగర ఎన్నికలో తేలిన విషయం.

పారిస్ వారు 1969లో నగరం నడిబొడ్డున ఉన్న లేజాల్ మండిని రుంజీకి మార్చారు. పక్కనే ఓర్లీ విమానాశ్రయం. పాత మండి పోయిందని బాధపడినవారు చాలామంది. అయినా విమానం దిగిన సరుకు గంటలో వేలానికి చేరే ఏర్పాటు అక్కడ కుదిరింది. దుబాయిలో 2004లో పండ్ల మార్కెట్టును అల్ అవీర్‌కు తరలించినప్పుడు వాదోపవాదాల ప్రసక్తే లేదు, పాలకుల ఆజ్ఞతో పని జరిగింది. భారతదేశపు తాజా మామిడిని ఎక్కువగా కొనే దేశాల్లో ఎమిరేట్లది మొదటి వరస గనుక ఈ ఊరు పేరు మన వర్తకులు చాలామందికి కంఠతా వచ్చు.

లండన్‌ది మరో దారి. స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్టును, బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్టును డాగెన్‌హామ్‌కు తరలించాలని సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ ఏళ్ళ తరబడి పథకం వేసింది. ఖర్చు పెరిగిపోవడంతో 2024 నవంబరులో దానిని విరమించుకుని, వర్తకులకు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆ కార్పొరేషన్ ఎన్నికల్లో నివాసులతో పాటు అక్కడి వ్యాపార సంస్థల ప్రతినిధులకూ ఓటు ఉంది. వర్తకుడు అక్కడ అర్జీదారు మాత్రమే కాదు, ఓటరు కూడా. తెలంగాణలో మార్కెట్టు కమిటీలు నామినేటెడ్. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. బాటసింగారంలో కమీషను ఏజెంటుకు లైసెన్సు ఉంది, యార్డు ఎక్కడ ఉండాలన్న దానిపై ఓటు లేదు. వర్తకులు ఈ ఒక్క తేడాను గుర్తిస్తే, కోర్టుకు వెళ్ళడం ఎందుకు చివరి అస్త్రం కావలసిందో, అది ఎందుకు ఆలస్యంగా పేలిందో తెలుస్తుంది.

ఉల్లి కోసం కట్టిన గేటు

అమెరికాకు మన మామిడి వెళ్ళిన కథలో కూడా స్థానిక రాజకీయపు వేలిముద్ర ఉంది. 2006 మార్చిలో అధ్యక్షుడు జార్జి బుష్ భారతదేశం వచ్చినప్పుడు అణు ఒప్పందంతో పాటు మామిడి ప్రస్తావన వచ్చింది. ఆ పర్యటనలోనే ఆయన హైదరాబాదులో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని చూశారు. మరుసటేడు ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు అమెరికా చేరాయి. షరతు ఏమంటే, పండు ఈగ, టెంక పురుగు భయం లేకుండా కాయకు వికిరణ శుద్ధి జరగాలి. ఆ శుద్ధి చేయగల కేంద్రం అప్పటికి నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో ఉంది. లాసల్‌గావ్ అంటే ఉల్లి. ఉల్లి మొలకెత్తకుండా, నిలవ ఉండేలా చేయడానికి, అణుశక్తి శాఖ వారు ఆ ఉల్లి మండి ఊళ్ళో దానిని నెలకొల్పారు. ఉల్లి ధర పెరిగితే ప్రభుత్వాలే కదిలిపోతాయి గనుక ఉల్లికి ఆ మర్యాద దక్కింది. తర్వాత మామిడికి అది అమెరికా గేటు అయింది. ఒప్పందం కుదిర్చింది వాషింగ్టన్, ఢిల్లీ. దారి మాత్రం ఉల్లి రాజకీయం వేసినది.

ముంబాయి పక్కన వాషి, కర్ణాటకలో మాలూరు కేంద్రాలు తర్వాత చేరాయి. తెలుగునాట కాచిన బంగినపల్లి డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారి ఇంటికి చేరాలంటే ముందుగా పొరుగు రాష్ట్రానికి లారీలో ప్రయాణం చేయవలసి వచ్చింది. ఆ కిరాయి, ఆ గంటలు, దారిలో పండిపోయిన కాయల తరుగు అన్నీ తోట దగ్గరి ధరలోంచే పోతాయి. 2025 మేలో ముంబాయి నుంచి వెళ్ళిన పదిహేను లోడ్లను శుద్ధి ధ్రువపత్రాల్లో లోపాలున్నాయని లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో తిరస్కరించారు. కాయలో లోపం లేదు, కాగితంలో ఉంది. శుద్ధి కేంద్రం చేతికందే దూరంలో లేనివాడు కాగితం సరిచూసుకోవడం కూడా కష్టమే.

దేశంలో పండే మామిడి రెండు కోట్ల టన్నులకు పైమాట. 2023-24లో తాజా కాయగా విదేశాలకు వెళ్ళినది 32 వేల టన్నులు. ఇంత తక్కువ ఎందుకంటే రుచి లేక కాదు. గేట్లు తక్కువ.

గేటు మూసేవారిలోనూ స్థానికులు ఉంటారు. పండు ఈగలు కనపడ్డాయని యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని, నాలుగు కూరగాయలను నిషేధించింది. బ్రిటన్‌లో అద్దాల షెడ్ల కింద టమాటా, దోస పండించే రైతులకు ఆ ఈగ ప్రమాదమని అక్కడి అధికారులు చెప్పారు. ఎదురు నిలిచింది లెస్టర్ నగరపు భారతీయ దుకాణదారులు. ఆ నగర పార్లమెంటు సభ్యుడు కీత్ వాజ్ ప్రధాని నివాసానికి మామిడి పెట్టె పంపించారు. ఒకవైపు టమాటా ఓటు, మరొకవైపు మామిడి ఓటు. ఇక్కడ ప్యాకింగు కేంద్రాల తనిఖీ కట్టుదిట్టం చేశాక, 2015 సీజనుకు ముందు మామిడి మీద నిషేధం తొలగింది.

కార్బైడు, కలెక్టరు

నగరం నొక్కిన చోట పద్ధతి మారుతుందనడానికి గడ్డిఅన్నారంలోనే సాక్ష్యం ఉంది. కాల్షియం కార్బైడుతో కాయలు మాగబెట్టడం చట్టరీత్యా ఎప్పటినుంచో నిషిద్ధం. ఆచరణలో నిషేధం ఉందో లేదో తెలియనంతగా వాడారు. 2015లో హైదరాబాదు హైకోర్టు ఈ విషయాన్ని తానుగా విచారణకు తీసుకుని గట్టిగా మందలించింది. 2016లో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎథిలీను వాయువును పది లక్షల భాగాలకు వంద భాగాల దాకా అనుమతించింది. ఎథిలీను గదులు కట్టుకున్న వర్తకుడికి మొదట ఖర్చు తగిలింది. కార్బైడు మచ్చ పడిన మండి సరుకును పై దేశాల కొనుగోలుదారు ముట్టడు గనుక ఆ ఖర్చు వృథా అనలేము.

చిత్తూరు ఉదాహరణ ఇంకా తాజాది. అక్కడి తోతాపురి గుజ్జు అరబ్బు దేశాలకు, ఐరోపాకు డ్రమ్ములలో వెళుతుంది. 2025లో గుజ్జుకు గిరాకీ పడిపోయి ఫ్యాక్టరీలు కొనుగోళ్ళు మందగించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు పన్నెండు రూపాయలు అందేలా, ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు చొప్పున ఏర్పాటు చేసింది. ఆ ధర చూసి పొరుగు కాయ వచ్చి పడుతుందని జూను 7న జిల్లా కలెక్టరు ఇతర రాష్ట్రాల తోతాపురిని నిషేధించారు. శ్రీనివాసపురం రైతుల కాయ ఆగిపోయింది, కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాశారు. గిరాకీ తగ్గినది సముద్రాల అవతల. లారీ ఆగినది జిల్లా సరిహద్దులో.

కోహెడలో చూడవలసినవి

కోహెడ ఔటరు రింగు రోడ్డుకు చేరువలో ఉంది. ఆ రోడ్డు మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి నగరంలోకి దిగకుండా పోవచ్చు. రుంజీకి ఓర్లీ ఎలాగో, కోహెడకు శంషాబాదు అలా కావడానికి స్థలం అడ్డు కాదు. అడ్డు పడేది లోపల ఏమి కడతారన్నదే. దుకాణాల సంఖ్య మీద జరిగినంత చర్చ ప్యాకింగు కేంద్రం మీద, అమెరికా, జపాను ఒప్పుకునే శుద్ధి యంత్రం మీద జరగడం లేదు. జపాను 2006లో అనుమతించిన రకాల్లో బంగినపల్లి ఉంది. ఆ కాయకు వేడి ఆవిరి శుద్ధి కావాలి. దుకాణం ఎవరికి వస్తుందన్న దాంట్లో పలుకుబడి పనిచేస్తుంది, అందుకని అందరి చూపూ అటే. యంత్రం ఎవరికీ సొంతం కాదు, కనుక అడిగేవాడు లేడు.

గడ్డిఅన్నారం, బాటసింగారం, బడంగ్‌పేట వేర్వేరు శాసనసభ నియోజకవర్గాల్లో ఉన్నాయి. మండి పోయిన చోట, మండి వచ్చిన చోట, సరుకు కొనేవారు ఉన్న చోట ప్రజాప్రతినిధులు వేరు. తలా ఒక మాట చెప్పడానికి ఇది వీలైన ఏర్పాటు.

బడంగ్‌పేట వైపు చిల్లర వ్యాపారులకు బాటసింగారం కంటే కోహెడ దగ్గర. అయినా పై లెక్కలోని పాతిక వేలు తగ్గాలంటే ఆటో ట్రాలీలకు లారీలతో సంబంధం లేని వేరే గేటు, తెల్లవారుజామున గంపలతో ఎక్కనిచ్చే బస్సు ఉండాలి. గేటు మార్కెటింగు శాఖ కింది కమిటీ చేతిలో ఉంది. రోడ్డు, దీపాలు నగరపాలక సంస్థ చేతిలో, బస్సు ఆర్టీసీ చేతిలో ఉన్నాయి.